ఉయ్యాల తాడు విప్పిన రోజు

మొన్న ఏలూరులో రైల్వే గేటు పడి మా ఆటో ఆగింది. పక్కనే తవుడు, వేరుశనగ చెక్క బస్తాల లారీ వచ్చి నిలబడింది. చేపల మేత వాసన. ఆటోలో వాళ్లంతా ముక్కు మూసుకుంటే నేను గుండె నిండా పీల్చాను. పిచ్చిదనుకుని ఉంటారు, అనుకోనీ. ఆ వాసనకి నాకు గుర్తొచ్చేది చేపలు కాదు, మంగమ్మగారి చేతులు. పదకొండేళ్ల కిందట నా కొడుక్కి రోజూ నీళ్లు పోసిన చేతులవి. మండవల్లి దగ్గర చేపలు పట్టుకుని బతికే కుటుంబం ఆవిడది. తెల్లవారుజామునే పడవలో వెళ్లి, చిల్లులు పెట్టిన మేత సంచులను చెరువులో పాతిన గెడలకు కట్టి, తొమ్మిదింటికల్లా కైకలూరులో మా ఇంటికి వచ్చేవారు. ఎంత సబ్బు రుద్దినా గోళ్ల సందున ఆ వాసన కాస్త మిగిలే ఉండేది.

మా అత్తవారిది మేత కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. మా అమ్మ లేదు కనుక నా పురుడు కూడా అక్కడే జరిగింది. అత్తయ్యగారు నడిమింట్లో దూలానికి చీరతో ఉయ్యాల కట్టి, దానికి పొడుగాటి తాడు తగిలించి, దాన్ని గుమ్మం దాటించి గల్లాపెట్టె దాకా తెచ్చారు. మామయ్యగారు ఒక చేత్తో బిల్లు రాస్తూ రెండో చేత్తో తాడు లాగేవారు. బస్తాల కోసం వచ్చిన రైతులు కూడా తలా రెండుసార్లు లాగి వెళ్లేవారు. మా ఆయన్నీ ఇలాగే పెంచానని అత్తయ్యగారికి మహా గొప్ప. దిష్టి తగలకూడదని కిటికీలన్నీ మూసేసిన ఆ గదిలో మా వాడు పగలంతా జమీందారులా నిద్రపోయి, కొట్టు కట్టేసి అందరూ పడుకోగానే కళ్లు తెరిచేవాడు. మా ఆయన చేపలు పట్టించే పని మీద రాత్రిళ్లు చెరువు గట్లనే ఉండేవారు. తాడు నా చేతికి వచ్చేది. ఆపితే ఏడుపు. నిద్ర సుఖమెరుగదంటారు గానీ, ఆ సామెత కట్టినవాళ్లు మా వాణ్ణి చూసి ఉండరు. మూడు వారాలకి నాకు అన్నం ముద్ద నోటికి తీసుకెళ్లే ఓపిక కూడా లేకుండా పోయింది.

ఒకరోజు స్నానం అయ్యాక మంగమ్మగారు ఎవరినీ అడక్కుండా కిటికీ తెరిచి, వాణ్ణి ఒళ్లో వేసుకుని వెలుతురులో కూర్చున్నారు. అత్తయ్యగారు దిష్టి సంగతి ఎత్తారు. మంగమ్మగారు గొంతు పెంచలేదు.

“చెరువులో చేపకి గడియారం ఎవరిచ్చారండి? రోజూ అదే మూల, అదే వేళకి మేత కడతాం. నాలుగు రోజులు పోతే పడవ రాకముందే అవే వచ్చి ఉంటాయి. పసివాడికీ అంతేనండి. ఆకలికి వేళ లేదు, ఎప్పుడేడిస్తే అప్పుడు పాలివ్వాల్సిందే. నిద్రకి మాత్రం ఓ వరస ఉండాలి.”

పగలు వెలుతురూ చప్పుడూ ఉండాలని, రాత్రి దీపం తగ్గించి మాటలు ఆపాలని, రెప్పలు బరువెక్కగానే, పూర్తిగా నిద్రపోకముందే, తలగడ లేకుండా చాప మీద వెల్లకిలా పడుకోబెట్టాలని చెప్పారు. ఉయ్యాల వద్దన్నారు. చేపా మనవడూ ఒకటేనా అని అత్తయ్యగారు నవ్వి, కిటికీ మళ్లీ మూశారు. కొత్త కోడల్ని, కుక్కిన పేనులా ఊరుకున్నాను.

తరవాతి వారం ఒకరోజు గాలి ఎక్కువై పడవ ఆలస్యమైంది. మంగమ్మగారు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. నేను మంచం అంచున కూర్చుని పాలిస్తున్నాను. రెప్ప వాలింది, అంతే తెలుసు. కళ్లు తెరిచేసరికి ఆవిడ నా కాళ్ల దగ్గర మోకాళ్ల మీద ఉన్నారు. నా ఒడిలోంచి జారిన బిడ్డ ఆవిడ రెండు అరచేతుల్లో ఉన్నాడు. కింద సిమెంటు నేల. వాడు నిద్ర కూడా లేవలేదు. ఆవిడ వాణ్ణి చాప మీద పడుకోబెట్టి, నన్ను మంచం మీదికి నెట్టారు.

“నేనేం చూళ్లేదమ్మాయిగారూ. పడుకోండి.”

లేచేసరికి సాయంత్రమైంది. కిటికీ తెరిచి ఉంది. అత్తయ్యగారు తాడు విప్పి మోచేతికి చుట్టుకుంటున్నారు. ఈ పూట నుంచి మంగమ్మ చెప్పినట్టే చేద్దామని, నా వైపు చూడకుండానే అన్నారు. ఎందుకు మారారో అడగలేదు. నేను చేసిన తప్పు బయటపడలేదు కదా, అదే చాలనుకున్నాను.

పది రోజులపాటు మంగమ్మగారు రాత్రి వాడు పడుకునేదాకా ఉండిపోయారు. రోజూ అదే వరస: గోరువెచ్చని గుడ్డతో ఒళ్లు తుడవడం, పొడిబట్ట, పాలు, తగ్గించిన దీపం, చాప. వాడు ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చాడు. కొట్లో మామయ్యగారి చెయ్యి అలవాటుగా గల్లాపెట్టె పక్కన తాడు కోసం వెతుక్కునేది. నేను లేవబోతే ఆవిడ వాడి గుండె మీద అరచెయ్యి ఆనించి, “ఎత్తుకోవద్దనట్లేదండి, ఒక్క నిమిషం వాడికివ్వండి” అనేవారు. ఏడుపు హెచ్చితే తనే ఎత్తుకునేవారు, తగ్గాక మళ్లీ పడుకోబెట్టేవారు. ఎన్నిసార్లయినా విసుగు లేదు. అంత ఓర్పు నేను మరొకరిలో చూడలేదు. మంత్రమేసినట్టు ఏమీ మారలేదు. మూడో నెల వచ్చేసరికి మాత్రం వాడు రాత్రి రెండుసార్లు లేచి, పాలు తాగి, తనంతట తనే కళ్లు మూసేవాడు. మొదటిసారి అలా చాలాసేపు పడుకున్నప్పుడు భయపడి వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

నిరుడు మంగమ్మగారు పోయారు. అత్తయ్యగారూ నేనూ మండవల్లి వెళ్లి చూసి బస్సులో తిరిగొస్తున్నాం. సగం దూరం వచ్చాక అత్తయ్యగారు కిటికీ వైపు తిరిగి చెప్పారు.

“పిల్లాడు నీ ఒళ్లోంచి జారిన రోజే మంగమ్మ నాకు చెప్పింది. కోడలుగారిని ఒక్క మాట అనకండి, అడగను కూడా అడక్కండి, ఆవిడకి ముందు నిద్ర కావాలి అంది.”

పులుసులో ఉప్పు ఎక్కువైతే వారం రోజులు గుర్తుచేసే మనిషి, పదేళ్లు ఆ ఒక్క మాట ఎత్తలేదు. అత్తయ్యగారి దగ్గర రహస్యం దాచానని నేననుకుంటే, వాళ్లిద్దరూ కలిసి నన్ను దాచుకున్నారు. బస్సులో అందరూ చూస్తున్నా ఆవిడ భుజం మీద తల పెట్టి ఏడ్చాను.

పోయిన నెల మా ఆడపడుచు కూతురి పురుడని తాడేపల్లిగూడెం వెళ్లాను. చుట్టాలంతా పాప పోలికలు తేలుస్తున్నారు. నేను తల్లి ముఖం చూశాను. పాలు పట్టించి, పాపని తీసుకుని, తలుపు దగ్గరగా వేసి వసారాలో కూర్చున్నాను. అప్పుడే వచ్చినావిడెవరో పాప పడుకుందా అని అడిగారు.

“పాప కాదండి, వాళ్లమ్మ పడుకుంది. కాస్త మెల్లగా మాట్లాడండి” అన్నాను.