కాలవగట్టు మీద మావగారితో

మొన్న నవంబరులో ఒక పొద్దున భవానీపురంలో మా అపార్టుమెంటు డాబా మీద బట్టలు ఆరేస్తుంటే, నీళ్ళ ట్యాంకు పక్కన తడిలో తోకను కిందికీ పైకీ ఊపుకుంటూ ఒక బూడిదరంగు పిట్ట చకచకా నడుస్తూ కనిపించింది. తడి దుప్పటి చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నా ఈడు వాళ్ళు నవ్వరులే అన్న ధైర్యంతో చెబుతున్నాను, దాన్ని చూడగానే నాకు మా మావగారు గుర్తొచ్చారు.

డెబ్భైల మొదట్లో నాకు పెళ్ళయ్యే నాటికి ఆయన మిషన్ బడిలో హెడ్మాస్టరుగా రిటైరై, కూచిపూడికి రెండు మైళ్ళ దూరంలో కాలవ పక్కనున్న సొంత ఊళ్ళో ఉంటున్నారు. నేనేమో బెజవాడ వన్ టౌన్‌లో, కింద గోడౌను, పైన మా వాటా ఉన్న ఇంట్లో పెరిగినదాన్ని; కాకి, పావురం, పిచ్చుక దాటితే నాకు మరో పిట్ట పేరు తెలియదు. మావారు బందరులో ఉద్యోగం చేస్తూ శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున్నే బస్సెక్కేవారు. కొత్తచోట ఏమీ తోచక దిగాలుగా తిరుగుతున్నానని గ్రహించారో ఏమో, ఒకనాడు తెల్లవారుతుండగా మావగారు మఫ్లరు చుట్టుకుని, చేతికర్ర తీసుకుని, "అలా గట్టు మీదికి పోయొద్దాం, వస్తావా అమ్మాయ్?" అన్నారు.

మావగారి ముందు కుర్చీలో కూర్చోవడానికే జంకే రోజులవి. అయినా వెళ్ళాను, మర్నాడూ వెళ్ళాను. కోతలైన పొలాల్లో మినుము మొలకల మీద మంచు, కాలవ మీద పొగలా లేచే ఆవిరి, పల్లపు చేలల్లో నిలిచిన నీళ్ళలో గుంపులుగా దిగే పరజలు. ఆ అడవి బాతులు చలికాలం గడపడానికి ఎక్కడో ఉత్తరాన మంచుదేశాల నుంచి వస్తాయని ఆయన చెబితేనే నాకు తెలిసింది. ఏం కనిపిస్తోందో చెప్పమనేవారు. సన్నటి పొడుగు ముక్కు, ఎర్రటి కాళ్ళు అని నేను చెబితే, ఆయన కూత విని పేరు చెప్పేవారు. మాస్టారు కదా, పరీక్ష పెడుతున్నారనుకునేదాన్ని.

ఒకరోజు ముళ్ళకంచె మీద ఎవరో ఆరేసిన తెల్లటి తువ్వాలును చూపించి, ఎంత పెద్ద కొంగో చూడమన్నారు. అది తువ్వాలండీ అన్నాను. రెండేళ్ళుగా రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదురుతున్నాయనీ, ఆపరేషనంటే భయమనీ నెమ్మదిగా చెప్పి, "మీ అత్తయ్యతో అనకమ్మా. తెలిస్తే నన్నిక గడప దాటనివ్వదు" అని బతిమాలారు. అనలేదు. ఇప్పటికీ ఆ తప్పు నాదే అనుకుంటాను.

క్రిస్మస్‌కి వారం ముందు, గట్టు కోసుకుపోయిన చోట ఆయన కాలు జారింది. చెయ్యి పట్టుకున్నాను గానీ ఆ బరువుకు నేనూ జారి, నడుముల్లోతు నీళ్ళలో పడ్డాం. పశువులు తోలుకొస్తున్నతను కర్ర అందించకపోతే ఏమయ్యేదో. ఆ సాయంత్రమే అత్తయ్యగారికి అంతా చెప్పేశాను. మావగారు పదిరోజులు నాతో మాట్లాడలేదు.

పొద్దున్నే ఆయన వసారాలో ఖాళీగా కూర్చుని ఉండటం చూడలేక, నేనొక్కదాన్నే గట్టు మీదికి వెళ్ళి వచ్చి, చూసినవన్నీ అత్తయ్యగారికి చెబుతున్నట్టు ఆయనకు వినపడేలా చెప్పేదాన్ని. మొదట్లో ముఖం తిప్పుకునేవారు, తర్వాత తప్పులు దిద్దసాగారు. సంక్రాంతి వెళ్ళాక ఒకనాడు, తల వెనక రెండు నల్లటి అడ్డగీతలున్న పెద్ద బాతులు పదకొండు చూశానన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"నలభై ఏళ్ళలో నేను చూడలేదు. అవి ఈ ఊళ్ళో దిగవమ్మాయ్."

"చూశానండీ. రెండుసార్లు లెక్కపెట్టాను కూడా."

"నా కళ్ళతో చూస్తేగానీ నమ్మను" అన్నారు విసురుగా. అత్తయ్యగారు కూర తరుగుతూనే, "అయితే చూపించుకోండి మరి" అన్నారు. ఆ శనివారం మావారు రాగానే, బెజవాడలో మంచి కంటి డాక్టరెవరని ఆయనే అడిగారు.

ఒక కంటికి ఆపరేషనైంది. రోజుల తరబడి కట్టుతో వెల్లకిలా పడుకున్నారు. సీసా అడుగంత మందం అద్దాలొచ్చి మేం మళ్ళీ గట్టెక్కేసరికి మినుము పీకుతున్నారు, పరజలు చాలావరకు వెళ్ళిపోయాయి. కాలవ అవతల లకుముకిపిట్ట కూస్తే చూపించబోయాను. ఆయన అటు చూడలేదు. ఆగి, అద్దాలు సర్దుకుని నన్నే చూశారు. పెళ్ళినాటికే చూపు మసకబారిందేమో, అప్పటిదాకా నా ముఖం ఆయనకు సరిగా తెలియనే తెలియదు.

"ఇంత చిన్నపిల్లవా అమ్మా నువ్వు? గొంతు విని పెద్దదానివనుకున్నాను" అన్నారు.

ఆ తర్వాత ఆరు చలికాలాలు కలిసి నడిచాం. నేను చూసిన ఆ బాతులు మళ్ళీ రాలేదు గానీ, నా మాట నమ్మానని చాలామందికి చెప్పుకున్నారట.

ఇప్పుడా పల్లపు చేలన్నీ చేపల చెరువులయ్యాయి. గట్టు మీద సిమెంటు రోడ్డు పడింది, తెల్లవారుజామున దాని మీద నడిచేవాళ్ళు లేరు, మోటారు సైకిళ్ళే. చేపలు తినేస్తాయని పిట్టల్ని బెదరగొట్టడానికి చెరువుల కాపలావాళ్ళు టపాసులు పేలుస్తారు. పోయినేడు వెళ్ళినప్పుడు కారాపించి కాసేపు చూశాను. పెద్ద చప్పుడైంది, గుంపంతా ఒక్కసారిగా లేచింది, ఆకాశంలో ఒక చుట్టు తిరిగి పక్క చెరువులోనే దిగింది.