గోల్‌కీపర్ సంతకం

హర్స్ట్ ఊరి సామిల్లులో ఉల్రిక్ పెల్షా పని చెక్కలు ఏరడం. బెల్టు మీద ఒకదాని వెనక ఒకటి వచ్చే చెక్కల్లో ముడి ఉన్నదాన్ని ఎడమకీ, లేనిదాన్ని కుడికీ తోసెయ్యాలి. పద్దెనిమిదో ఏట చేరినవాడు ఇరవై ఆరేళ్ళుగా అదే చేస్తున్నాడు. పెళ్ళి చేసుకోలేదు. నదివైపు వీధిలో చిన్న ఇంట్లో తల్లి అల్బర్టీన్‌తో ఉండేవాడు. మెతక మనిషి. నలుగురిలో ఉంటే ఉన్నాడని తెలియదు, లేకపోతే లేడనీ తెలియదు.

అతనికున్న పిచ్చల్లా ఐస్ హాకీ కార్డులు. చూయింగ్ గమ్ పొట్లాల్లో వచ్చే, ఆటగాళ్ళ బొమ్మలున్న ఆ అట్టముక్కలు ఊళ్ళో ప్రతి మగపిల్లాడూ చిన్నప్పుడు పోగేసినవే, మీసాలొచ్చాక పారేసినవే. ఉల్రిక్ పారెయ్యలేదు సరికదా, వాటిమీద ఆటగాళ్ళ సంతకాలు సంపాదించడం మొదలుపెట్టాడు. ఉత్తరం రాసి, కార్డు జతచేసి, తిరుగు టపాకు స్టాంపు అంటించిన కవరు కూడా లోపల పెట్టి పంపేవాడు. పేరుమోసినవాళ్ళ జోలికి పోయేవాడు కాదు. ఒకటి రెండు సీజన్లు ఆడి కనుమరుగైపోయి, ఇప్పుడు ఎక్కడో పెట్రోలు బంకు నడుపుకుంటున్నవాళ్ళకీ, మంచు ఎత్తే లారీ తోలుకుంటున్నవాళ్ళకీ రాసేవాడు. అడిగేవాళ్ళు లేరు కాబట్టి వాళ్ళు తప్పకుండా జవాబిస్తారని అతని అనుభవం.

మిల్లులో పక్కన నిలబడే ఒదిలోన్ ఊరుకునేవాడు కాదు.

"ఏరా, నిన్న టపాలో పెళ్ళికూతురేమైనా దిగిందా, మళ్ళీ పళ్ళూడిన గోల్‌కీపరేనా?"

"పళ్ళూడినవాడే. సంతకం మాత్రం ముత్యాల్లా ఉంది."

"పోన్లే, పళ్ళు పోయినా చెయ్యి మిగిలింది. అదృష్టవంతుడు."

ఉల్రిక్ నవ్వి ఊరుకునేవాడు. ఈ పిచ్చి ఎక్కడ మొదలైందో ఒదిలోన్‌కి తెలియదు. తెలిస్తే ఆ మాట అనేవాడు కాదు.

ఉల్రిక్‌కి పదేళ్ళు పెద్దవాడు ఒక అన్న ఉండేవాడు, ఫెర్నాన్. స్కేట్లు కట్టుకుని మంచుమీద దిగితే ఊరంతా నది గట్టుకొచ్చి చూసేదట. దక్షిణాన కుర్రాళ్ళ లీగులో ఒక చలికాలం ఆడాడు. అక్కడ ఒక ముసలావిడ ఇంట్లో అద్దెగదిలో, గస్తోన్ వెయెట్ అనే గోల్‌కీపర్‌తో కలిసి ఉన్నాడు. అరవయ్యో సంవత్సరం వసంతంలో ఇంటికొచ్చేసరికి ఇద్దరికీ పెద్ద లీగు శిబిరానికి పిలుపు అంది ఉంది. శిబిరం సెప్టెంబరులో. అందాకా ఖాళీగా ఎందుకని ఫెర్నాన్ నదిలో దుంగలు తోసే పనికి కుదిరాడు. మే నెలలో ఒకరోజు దుంగల మధ్య కాలు జారింది. నాలుగు రోజులకి దొరికాడు. పంతొమ్మిదేళ్ళు.

ఆ తర్వాత తండ్రి ఇంట్లో ఆ పేరు ఎత్తనివ్వలేదు. ఫొటో కూడా బీరువాలోకి వెళ్ళిపోయింది. అప్పటికి ఉల్రిక్‌కి తొమ్మిదేళ్ళు.

గస్తోన్ వెయెట్ మాత్రం పెద్ద లీగులో ఇరవై మూడు ఆటలు ఆడాడు. కాబట్టి అతనికి కార్డు ఉంది. ఫెర్నాన్‌కి లేదు.

తండ్రి పోయిన రెండేళ్ళకి, డెబ్భై తొమ్మిదిలో, ఉల్రిక్ ఆ కార్డు వెతికి పట్టుకుని, వెయెట్ ఉంటున్న లాసార్ ఊరికి ఉత్తరం రాశాడు. సంతకం అడిగి, కింద ఒక్క వాక్యం చేర్చాడు: 'మీ గదిలో ఉన్న ఫెర్నాన్ పెల్షా మా అన్న. గుర్తున్నాడా?'

మూడు వారాలకి జవాబొచ్చింది. కార్డుమీద సంతకం, దానితో ఒక కాగితం. 'గుర్తులేకపోవడమేమిటి. ఎముకలు కొరికే చలిలో కూడా కిటికీ తెరిచి పడుకునేవాడు. నేను మూసేవాడిని, వాడు తెరిచేవాడు. ఆ చలికాలమంతా మా యుద్ధం అదే.'

అల్బర్టీన్ అల్లుతున్న మేజోడు ఒళ్ళో పెట్టుకుని వింది.

"మళ్ళీ చదవరా," అంది.

మళ్ళీ చదివాడు.

అప్పటినుంచి ఏటా ఎక్కడో ఒకచోట ఆ కార్డుదే ఇంకో ప్రతి సంపాదించి, క్రిస్మస్‌కి ముందు లాసార్‌కి పంపేవాడు. ఏటా సంతకంతోపాటు నాలుగు వాక్యాలు వచ్చేవి. ఫెర్నాన్ స్కేట్ల తాళ్ళు బిగించుకుంటూ ఈల వేసేవాడని ఒకసారి. అద్దె ఇంటావిడ పొయ్యిమీద తడి చేతితొడుగులు ఆరబెట్టి మాడ్చాడని ఒకసారి. ఇంటినుంచి అమ్మ పంపిన బ్లూబెర్రీ జామ్ జట్టంతటికీ పంచి, సీసా తనే నాకేవాడని ఇంకోసారి. అలా పదహారు ఉత్తరాలు. ప్రతిదీ అల్బర్టీన్ తనకి కంఠతా వచ్చేదాకా చదివించుకునేది. కార్డులన్నీ ఉల్రిక్ ఒకే ఆల్బమ్‌లో పెట్టాడు. పదహారు పేజీల్లోనూ అదే మొహం, అదే సంతకం.

తొంభై అయిదులో జవాబు రాలేదు. జనవరి పోయింది, ఫిబ్రవరి పోయింది. పోస్టాఫీసులో గుమాస్తా అతన్ని చూడగానే తల అడ్డంగా ఊపడం నేర్చుకుంది. మార్చిలో ఒక శనివారం ఉల్రిక్ సెలవు పెట్టి, బీరువాలోంచి ఫెర్నాన్ ఫొటో తీసుకుని, కారులో లాసార్ బయల్దేరాడు. దారి పొడుగునా మంచే.

తలుపు తీసినావిడకి అరవై లోపు ఉంటాయి. చేతులు ఏప్రనుకి తుడుచుకుంటూ అతన్ని ఎగాదిగా చూసింది.

"మీరు పెల్షా కదూ," అంది. "ఎప్పుడో ఒకరోజు వస్తారనుకుంటూనే ఉన్నాను. లోపలికి రండి. బూట్లు ఉంచుకున్నా ఫర్వాలేదు."

ఆవిడ గస్తోన్ భార్య యూగెట్. గస్తోన్ కిటికీ దగ్గర కుర్చీలో, కోటూ టోపీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. నుదుటిమీదా గడ్డంమీదా పాత కుట్ల గీతలు. గోల్‌కీపర్లు మొహానికి తొడుగు లేకుండా నిలబడిన రోజులవి.

"బస్సు వచ్చిందా?" అన్నాడు ఉల్రిక్‌ని చూసి.

"ఇంకా రాలేదు. వచ్చాక చెబుతాలే," అంది యూగెట్.

ఉల్రిక్ జేబులోంచి ఫొటో తీసి అతని చేతిలో పెట్టాడు. గస్తోన్ దాన్ని దగ్గరగా పెట్టుకుని చూశాడు. కోటు చేతితో తుడిచి మళ్ళీ చూశాడు.

"మంచి కుర్రాడు," అన్నాడు.

ఉల్రిక్ ఇంకేమైనా అంటాడేమోనని వంగి ఎదురుచూశాడు. గస్తోన్ ఫొటో తిరిగిచ్చేసి కిటికీలోంచి రోడ్డు చూడసాగాడు.

వంటింట్లోకి వచ్చాక యూగెట్ గొంతు తగ్గించింది. "మీరు ఆశ పెట్టుకోకండి. ఏ ఫొటో ఇచ్చినా అదే మాట అంటారు. మొన్న సబ్బు డబ్బామీద బొమ్మ చూసి కూడా అన్నారు."

"ఎప్పటినుంచి ఇలా?"

"ఎనభై ఒకటి నుంచి. అంతకుముందే మొదలైంది, మాకు తెలియలేదు."

ఉల్రిక్ లెక్క వేసుకోవడానికి కొంచెంసేపు పట్టింది. ఆవిడే తొందరపడి చెప్పేసింది.

"సంతకాలు నావే. మొదటిది ఆయనే చేశారు. రెండోది కూడా అనుకుంటాను. తర్వాత పెన్ను ఇస్తే గీతలు గీసేవారు. మీ కార్డు వెనక్కి పంపెయ్యాలనే అనుకున్నాను. కానీ ఏడాదికోసారి ఆయన పేరుమీద వచ్చే ఉత్తరం అదొక్కటే. మీకు సంతకం చేసి పంపితే, ఆయన ఇంకా ఉన్నట్టే అనిపించేది."

"మరి మా అన్న సంగతులు?"

యూగెట్ సూపు గిన్నె కలపసాగింది. "మొదటి ఉత్తరం ఆయన చెబుతుంటే నేను రాశాను. ఆ తర్వాత ముక్కలు ముక్కలుగా ఏదో అనేవారు. అతుకు నేనే వేసేదాన్ని. పోనుపోను అదీ లేదు. ఏది ఆయన అన్నదో, ఏది నేను కల్పించిందో ఇప్పుడు నాకే తెలీదు. ఈ ఏడు కాగితం ముందు కూర్చుంటే చెయ్యి ఆడలేదు. తెలియని పిల్లాడి మీద ఎన్నని కల్పించను?"

ఆవిడ బఠాణీ సూపు పోసి ముందు పెట్టింది.

"కోపంగా ఉందా?"

"తెలీదమ్మా," అన్నాడు. సూపు మాత్రం తాగాడు. పెట్టినదాన్ని వదిలి లేవడం అతనికి చేతకాదు.

తిరిగొచ్చే దారిలో ఒకచోట కారు పక్కకి ఆపాడు. కోపం అప్పుడొచ్చింది. స్టీరింగు మీద చేత్తో రెండుసార్లు కొట్టాడు. మనిషొకసారి పోతే ఏడ్చి ఊరుకోవచ్చు. కాస్త కాస్తగా పదహారేళ్ళు తిరిగొచ్చి, ఒక్క మధ్యాహ్నంలో మళ్ళీ పోయాడు ఫెర్నాన్.

ఇంటికి చేరేసరికి అల్బర్టీన్ బల్లమీద భోజనం సర్ది కూర్చుని ఉంది.

"కనిపించాడా? వాడి గురించి ఏమన్నాడు?"

అబద్ధం ఆడడం ఉల్రిక్‌కి అలవాటు లేదు. నోటికి మొదట తట్టింది అనేశాడు. "బానే ఉన్నాడమ్మా. నువ్వు పంపిన జామ్ గురించే చెప్పాడు. ఆ రుచి ఇంకా మర్చిపోలేదట."

అల్బర్టీన్ కొడుకు మొహంలోకి చూసింది.

"ఒరే, వాడు లీగుకి వెళ్ళిన ఏడు జూలైలోనే మంచు పడి పొదలన్నీ మాడిపోయాయి. ఒక్క పండు లేదు. నేను జామ్ పెట్టనూ లేదు, పంపనూ లేదు."

ఉల్రిక్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఆ ఉత్తరం వచ్చినప్పుడే తెలుసా నీకు? మరి చెప్పలేదేం?"

"చెబితే నువ్వు రాయడం మానేసేవాడివి. మీ నాన్న ఉన్నన్నాళ్ళూ ఈ ఇంట్లో వాడి పేరు వినపడలేదురా. ఆయనా ఏడవలేక అలా చేశారు, నేను తప్పు పట్టను. ఇన్నేళ్ళకి నువ్వు బల్ల దగ్గర కూర్చుని 'ఫెర్నాన్' అని పైకి చదివావు. జామ్ నిజమా అబద్ధమా అని పట్టుకుని దాన్ని పోగొట్టుకోమంటావా?"

అప్పుడు చెప్పాడు అంతా. ఆవిడ వింది. ఏడవలేదు. "ఆ యూగెట్ పాపం, ఒక్కతే ఎలా నెట్టుకొస్తోందో," అని మాత్రం అంది.

గస్తోన్ ఆ ఆగస్టులో పోయాడు. రెండు చలికాలాల తర్వాత అల్బర్టీన్ కూడా, నిద్రలోనే. ఆవిడ్ని పూడ్చిపెట్టి వచ్చాక ఇంట్లో ఆ పేరు పలకడానికి ఎవరూ మిగల్లేదు. ఉల్రిక్ ఇంకెవరికీ కార్డులు పంపలేదు. ఎందుకు మానేశావని ఒదిలోన్ అడిగితే, కొత్త ఆటగాళ్ళ రాత బాగుండటం లేదన్నాడు. ఒదిలోన్ ఆ రోజు వేళాకోళం ఆడలేదు.

డిసెంబరులో ఒక ఆదివారం ఉల్రిక్ కాగితం తీసుకుని యూగెట్‌కి ఉత్తరం మొదలుపెట్టాడు. వేరేవాళ్ళు చెప్పింది కాకుండా, ఫెర్నాన్ గురించి తనకు స్వయంగా గుర్తున్నది రాసి పంపాలనుకున్నాడు. నదిమీద మంచు పారతో ఎత్తుతూ తనని భుజాలమీద కూర్చోబెట్టుకున్నాడని రాశాడు. అన్న హాకీ కర్ర తను విరగ్గొట్టినందుకు ఒకసారి చెంపమీద కొట్టాడని రాశాడు. అన్న టోపీకి పొగాకు వాసన వచ్చేదని రాశాడు. గొంతు ఎలా ఉండేదో గుర్తు లేదని నాలుగో వాక్యం రాశాడు.

అయిదోదానికోసం చీకటి పడేదాకా కూర్చున్నాడు. రాలేదు. ఆ నాలుగింటినే కవరులో పెట్టి అంటించి, మర్నాడు మిల్లుకి వెళ్ళే దారిలో పోస్టు చేశాడు.