దయావతి ఆంటీ జపాన్ పోపులపెట్టె

కెనడాలోని హాలిఫాక్స్‌లో దయావతి ఆంటీ వంటింటికి అసలు యజమాని ఆవిడ కాదు, స్టవ్ పక్కన గట్టు మీద కూర్చున్న జపాన్ ముసలాయన. మనిషి కాదు లెండి, పెట్టె. మూరెడెత్తు, నిండా చిన్న చిన్న సొరుగులు, మూలలకి నల్లటి ఇనప రేకులు. ఇలాంటి పాతకాలపు చిన్న పెట్టెల్ని జపాన్‌లో కోదాన్సు అంటారట. ఇక్కడి షోకిలా రాయుళ్లు వాటిని గుమ్మం పక్కన పెట్టుకుని, సొరుగుల్లో తాళంచెవులూ చార్జర్లూ పడేసి, పైన ఓ పూలకొమ్మ నిలబెడతారు. మా ఆంటీ ఆవాలు పోసింది.

దాన్ని కొన్నది వాళ్లాయన సువార్తరాజు అంకుల్. హార్బర్ అవతల డార్ట్‌మత్‌లో రిటైరైన నేవీ ఆఫీసరు ఒకాయన ఇల్లు ఖాళీ చేస్తుంటే ముచ్చటపడి కొని, ఫెర్రీలో ఒళ్లో పెట్టుకుని, కొత్త పెళ్లికూతుర్ని తెచ్చినంత భద్రంగా తెచ్చాడు. టై పిన్నులు దాచుకోవాలని ఆయన ఆశ.

"టై పిన్నులకి ఇంత బంగళా ఎందుకండీ?" అందిట ఆంటీ. ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆవాలూ మెంతులూ గృహప్రవేశం చేసేశాయి. పిన్నులు బిస్కెట్ డబ్బాలోకి పోయాయి. అంకుల్ పోయేదాకా ఆ బంగళా మాట అని ఏడిపించేవాడట.

నాది ఆ ఇంటి పైగది. అద్దె కట్టేది పైగదికి, బతికేది కింది వంటింట్లో. ఆ పెట్టెలో ఒక సొరుగు గట్టిగా నెడితే లోపలి గాలికి ఇంకోటి తనంతట తనే బయటికొస్తుంది. కొత్తగా వచ్చిన పాస్టర్ గారికి "దీన్లో దయ్యముందండీ" అని ధనియాల సొరుగు నెట్టి చూపించాను. ఆయన పాపం ప్రార్థనకి కళ్లు మూసుకున్నాడు. నాకు గరిటె దెబ్బ పడింది.

నర్సాపురం నుంచి వచ్చి, హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేసి రిటైరైన ఆంటీకి ఒక్క రహస్యముంది, ఒంటారియోలోని లండన్‌లో ఉండే కొడుకు క్రిస్టఫర్‌కి కూడా తెలీనిది. కోవిడ్‌తో పోయిన వాసన మళ్లీ రాలేదు. పాలు మాడి ఇల్లంతా పొగ వాసన కొడుతుంటే పక్కగదిలో తాపీగా స్వెట్టర్ అల్లుకుంటోంది. అప్పుడు పట్టుకున్నాను.

"క్రిస్టఫర్‌కి చెప్పావంటే నీకు గోంగూర బంద్. మాడు వాసన తెలీని ముసల్దాన్ని ఒక్కదాన్నే ఉండనిస్తాడా? లండన్ తీసుకుపోయి కూర్చోబెడతాడు. నా పొయ్యి నాకుండాలే ధాత్రీ."

అయినా వంటలో ఒక్క తప్పు రాలేదు. ముక్కు పని చెయ్యి చేసేది. చూడకుండానే జీలకర్ర పొడి సొరుగు, దాని కింద మెంతులు. పెట్టె ఉన్నంతకాలం ఢోకా లేదు.

ఈ వేసవిలో ఇల్లు అమ్మి దగ్గర్లోనే చిన్న అపార్ట్‌మెంట్ తీసుకుంది. సామాను సర్దడానికి ఆ లండన్ నుంచి కోడలు గ్లోరియా వచ్చింది.

"అత్తయ్యా, ఈ చెస్ట్ మా ఎంట్రీవేలో ఎంత బాగుంటుందో! సాండ్ పేపర్ పట్టించి పాలిష్ వేయిస్తే స్మెల్ పోతుంది."

కుదరదంటే ఎందుకో చెప్పాలి. "తీసుకెళ్లమ్మా, నీకంటే ఎక్కువా" అంది ఆంటీ. పొడులన్నీ ఒకేలాంటి ప్లాస్టిక్ డబ్బాల్లోకి ఒంపింది. నేను పేర్లు రాసి అంటిస్తానంటే, "నాకు వంట నేర్పుతావా?" అని గుడ్లురిమింది.

మధ్యాహ్నం భోజనాల్లో గ్లోరియా చారు ఒక గుటక తాగి ఆగిపోయింది.

"అత్తయ్యా... ఇది చారా, యాపిల్ పైయా?"

జీలకర్ర పొడి బదులు క్రిస్మస్ కేకు కోసం కొట్టుకోగా మిగిలిన దాల్చినచెక్క పొడి పడింది. రెండూ గోధుమరంగే. ఆంటీ నా మొహం వైపు చూసింది, ఎప్పుడూ లేని బెదురుతో.

"నేనే డబ్బాలు మార్చాను!" అన్నాను ఇకిలిస్తూ. "ప్రాంక్!"

గ్లోరియా నమ్మేసింది. నా చరిత్ర అలాంటిది. "యూ ఆర్ టెరిబుల్, ధాత్రీ" అంటూ నవ్వబోయింది.

"అది కాదు," అంది ఆంటీ. "దానికంత తెలివి ఎక్కడేడిసింది? నేనే వేశాను. నాకు వాసన తెలీదమ్మా. కోవిడ్ అప్పట్నుంచీ. సొరుగు ఎక్కడుందో చెయ్యి చెప్తే వండుతున్నాను."

గ్లోరియా గిన్నె కింద పెట్టింది. "ఇన్నేళ్లూ? క్రిస్‌కి కూడా చెప్పలేదా?"

"చెప్తే నా పొయ్యి తీసేస్తారు."

"నేను చెప్తాను అత్తయ్యా, దాచలేను. స్టవ్ తీసేస్తానని క్రిస్ అంటే మాత్రం నాతో గొడవే. స్మోక్ అలారం మంచిది పెట్టిద్దాం, స్టవ్ దానంతటదే ఆగిపోయేది కొందాం." లేచి చేతులు కడుక్కొచ్చి డబ్బాల ముందు కూర్చుంది. "మా ఎంట్రీవే సంగతి తర్వాత చూసుకుంటా. ఏది ఏ సొరుగులోదో చెప్పండి."

ఆంటీ చెయ్యి సొరుగుల మీద తడుముతూ చెప్పింది. గ్లోరియా ఒక్కో డబ్బా మూత తీసి వాసన చూసి, పేరు పైకి చెప్పి పోసింది. ఇంగువ సొరుగు దగ్గర ఒక్కసారిగా మొహం వెనక్కి లాక్కుంది.

"ఇంకా వస్తోందా వాసన?" ఆత్రంగా అడిగింది ఆంటీ.

"వస్తోందా ఏంటి! నా స్వెటర్‌కి కూడా పట్టేసింది."

"పట్టనీలే," అంది ఆంటీ, స్టవ్ మీద మళ్లీ చారు గిన్నె పెడుతూ. "ఇలా వచ్చి పక్కన నిలబడు. పోపు వేగిందో లేదో చెబుదువుగాని."