చక్రంలో ఆట

నా చిన్నప్పుడు మా వాడకట్టులో కోపమంటే నా పేరే చెప్పేవాళ్లు. ముక్కు మీద ఈగ వాలనివ్వని పిల్ల అనేవాళ్లు. ఇప్పుడు మోకాళ్లు అరిగాయి, పళ్లు అరిగాయి, కోపం మాత్రం అరగలేదు. అరగనందుకు నాకు సిగ్గు కూడా లేదు. దాన్ని ఎటు తిప్పాలో మాత్రం మా మేనమామ దగ్గర నేర్చుకున్నాను.

మాది తిరుమలగిరి దగ్గర పల్లె, గొర్లు కాసుకునే ఇల్లు. తెలంగాణ వచ్చాక జిల్లాలు విడదీసి మమ్మల్ని సూర్యాపేటలో కలిపారు కానీ, ఏ జిల్లా అని ఎవరడిగినా నా నోటికి ఇంకా నల్గొండ అనే వస్తుంది. ఆ రోజుల్లో బియ్యం మిల్లు యజమానికి ఒక ఎర్ర కారు ఉండేది. ఇద్దరే కూర్చునే, టాపు లేని స్పోర్ట్స్ కారు. పట్నంలో ఏదో నవాబుల ఇంట్లో పాతబడితే కొనుక్కొచ్చాడట. దాన్ని రోజూ తుడవడానికి ఒక మనిషి ఉండేవాడు. దాని కింద ఏముందో మాత్రం ఆ ఇంట్లో ఒక్కరూ వంగి చూసినవాళ్లు లేరు.

ఒక సాయంత్రం మా అమ్మ, నేను మందను ఇంటికి మళ్లిస్తుంటే ఆ కారు తిన్నగా వస్తూ వస్తూ ఉన్నట్టుండి మా వైపు లాగేసింది. సూడి గొర్రె ఒకటి అక్కడికక్కడే పోయింది. అమ్మ కాలువలోకి దూకి పడితే మణికట్టు విరిగింది. మిల్లాయన దిగాడు. దిగి ముందుగా పగిలిన లైటు అద్దాన్ని తడిమి చూసుకున్నాడు. తర్వాత మా అమ్మ వైపు తిరిగి, గొర్లను తొవ్వ మీద ఎందుకు తోలుకొచ్చినవ్ అన్నాడు. ఈ మాట చెబుతుంటే ఇప్పటికీ నా పళ్లు పటపటమంటాయి. మనిషి చెయ్యి విరిగి కాలువలో పడి ఉంటే అద్దం చూసుకున్నవాణ్ని ఏమనాలో నాకు తెలుసు. రాయడానికి బాగుండదని రాయడం లేదు.

రెండు రోజులకు ఆ కారు తిరుమలగిరిలో మా మేనమామ షెడ్డుకే వచ్చింది, లైటు మార్చి రంగు వేయమని. మా అమ్మ చెయ్యి విరగ్గొట్టిన బండికి అమ్మ తోడబుట్టినవాడే మరమ్మతు చేస్తాడా అని నాకు ఒళ్లు మండింది. మామతో పోట్లాడటానికే నడుచుకుంటూ వెళ్లాను. మా మామ కూడా శాంతమూర్తి ఏమీ కాదు. నేను వెళ్లేసరికి కారు ముందు భాగాన్ని జాకీతో లేపి, కింద చెక్క దిమ్మలు పెట్టి, పానాలను బండబూతులు తిడుతున్నాడు.

నన్ను చూసి ఊరడింపు మాట ఒక్కటీ అనలేదు. "రా కోడలా, గీ చక్రం పట్టు. ఒక చెయ్యి పైన, ఒక చెయ్యి కింద. ఇగ ఊపు," అన్నాడు. ఊపాను. లోపల టకటకమని కొట్టుకుంది. అంత పెద్ద చక్రం పిల్లల పాలపన్నులా కదిలింది.

"గిదే ఆట. చక్రం తిరగాలె, గని ఆడొద్దు," అన్నాడు. చక్రం వెనకాల బొటనవేలంత లావు పిన్ను ఉంటుందని, స్టీరింగ్ తిప్పితే చక్రం దాని మీదే మళ్లుతుందని, గ్రీజు పెట్టకపోతే అరిగి, ఇటు తిప్పితే బండి అటు పోతుందని చెప్పాడు. పోయిన వానాకాలమే ఈ సంగతి మిల్లాయనకు చెప్పాడట. "నడుస్తాంది గద" అని నవ్వి తోలుకుపోయాడట. "గా దినమే తాళంచెవి ఇయ్యకపోయేది ఉండె," అని మామ తన నుదురు తానే కొట్టుకున్నాడు. ఆయన కోపంలో సగం తన మీదేనని అప్పుడు తెలిసింది.

లైటు సంగతి పక్కన పెట్టి ముందు భాగమంతా విప్పాడు. స్ప్రింగును జాకీ మీద మెల్లగా దించేటప్పుడు నన్ను షెడ్డు బయట నిలబెట్టాడు, అది ఎగిరితే మనిషి మిగలడని. బయటికి తీసిన పిన్నుకు ఒక పక్క నడుము సన్నబడింది. కొత్తది సూర్యాపేటలో ఇనుము తరిమే లేతు మిషను మీద చేయించుకొచ్చాడు. దాన్ని పట్టి ఉంచే బుష్షును లోపల గీకుతూ, దూర్చి చూస్తూ, మళ్లీ గీకాడు. పిన్ను బొటనవేలితో నెడితే బరువుగా దిగాలి తప్ప జారిపోకూడదు. నేను రోజూ వెళ్లి చూసి, ఇంటికొచ్చి అమ్మకు చెప్పేదాన్ని. నా మంట మాత్రం చల్లారలేదు.

ఆఖరి నట్టు దగ్గర ఉండబట్టలేక అడిగేశాను. "మామా, గీ ఒక్కటి జర వదులుగ పెట్టు. పోయి యాడనన్న గుద్దుకోనియ్యి."

మామ తిట్టలేదు. చేతులు తుడుచుకుని, పానా నా చేతిలో పెట్టి పక్కన కూర్చున్నాడు. "పెట్టు, నీ ఇష్టం. గని ఒకటి చెప్పు. రేపు పొద్దుగూకే యాళ్లకు గా తొవ్వల గొర్లను కొట్టుకొచ్చేది ఎవరు?"

కట్టు కట్టిన చేతితో మా అమ్మ కళ్ల ముందుకొచ్చింది.

"బండి ఆయనది. తొవ్వ మనది, బిడ్డా. నీ కోపంల గూడ ఆట ఉంది. నువ్వు గాయన దిక్కు తిప్పుతవు, గది పోయి మీ అమ్మ మీద పడ్తది."

ఏడుస్తూనే ఆ నట్టును ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి బిగించాను. అది ఊడకుండా అడ్డంగా దూర్చే సన్న పిన్నును కూడా మామ నాతోనే పెట్టించి, దాని రెండు కాళ్లూ వంచమన్నాడు. మళ్లీ చక్రం పట్టి ఊపమన్నాడు. ఈసారి చప్పుడు లేదు.

మిల్లాయన కారు కోసం వస్తే మామ తాళంచెవి జేబులోనే ఉంచుకున్నాడు. అరిగిన పిన్నును ఆయన చేతిలో పెట్టి, మా ఇంటిదాకా నడిపించుకొచ్చాడు. వాడంతా చూస్తుండగా, "గొర్లు నీ బండి కిందికి రాలే. నీ బండే గొర్ల మీదికి వచ్చింది. గా మాట మా అక్కకు నువ్వే చెప్పు," అన్నాడు. ఆయన నేల చూపులు చూస్తూ తప్పయిందన్నాడు.

అమ్మ లేవను కూడా లేవలేదు. "నాకు చెప్తే ఏమొస్తది? పోయి దానికి గిరీసు పెట్టు," అంది.

నిరుడు మా ఊరి బడి మూల మీద ఇసుక ట్రాక్టరు ఒకటి గోడను రాసుకుంటూ పోయింది. పిల్లలు వెంట్రుకవాసిలో తప్పించుకున్నారు. ఊరంతా పోగై డ్రైవరును కిందికి లాగారు. ఇంకా మీసం కూడా సరిగా రాని పిల్లవాడు. అందరికంటే ముందు లేచింది నా చెయ్యే. లేచిన చేతిని అక్కడే ఆపి, స్టీరింగ్ తిప్పి చూపించరా అన్నాను. సగం చుట్టు తిప్పినా ముందు చక్రం కదలలేదు. పిల్లవాణ్ని వదిలిపెట్టించి, నా అరిగిన మోకాళ్లతోనే ట్రాక్టరు యజమాని ఇంటికి నడిచి, ఆయన అరుగు మీద కూర్చున్నాను. ఆయన బయటికి వచ్చి, ఏంది పెద్దమ్మా అన్నాడు.

"దా బిడ్డా, బండికాడికి పోదాం. ఒక చెయ్యి పైన పెడ్దువు, ఒక చెయ్యి కింద పెడ్దువు," అన్నాను.