ఎనిఫక్క చేతికి వేలు అందితే

వేలికి సూది గుచ్చకుండా ఎనిఫక్క ఎవరినీ పలకరించదు. షిరే నది ఒడ్డున మా ఊళ్ళో మలేరియా లెక్క రాసే ఉద్యోగం ఆమెది. కనబడ్డ వేలు పట్టుకోవడం, సూది దింపడం, రక్తపు బొట్టు పరీక్ష పుల్ల మీద వెయ్యడం, ఆ తరవాత "ఇంట్లో అంతా కులాసానా?" అనడం.

పెళ్ళికొడుకు ఉంగరం కోసం చాపిన వేలును దారిలోనే దొరకబుచ్చుకుంది. చావింట్లో ఏడ్చేవాళ్ళకు గుచ్చింది. వాళ్ళు మరింత నిజాయితీగా ఏడ్చారు. దీవించడానికి ఫాదర్ చెయ్యెత్తితే, "కాస్త దించండి ఫాదర్, అందడం లేదు" అంది.

మావాళ్ళూ తక్కువ తినలేదు. పుల్ల మీద రెండు గీతలొస్తే మలేరియా, ఒకటే వస్తే లేనట్టు. అయినా ఫలీరా అత్త దెబ్బలాటకొచ్చింది.

"పక్కింటిదానికి రెండిచ్చి నాకొకటే ఇస్తావా? నేనేం పాపం చేశానే?"

"వానలు రానీ అత్తా, నీకూ ఇస్తాగా."

పట్నం అధికారి ఏటా ఎండాకాలంలోనే వచ్చేవాడు. వానల్లో మా దారి మొసళ్ళది. దారి ఉన్నప్పుడు జ్వరాలు తక్కువ, జ్వరాలున్నప్పుడు దారి లేదు. కనక ఆయన గ్రాఫులో మలేరియా ఏటా అడుగునే ఉండేది. అది చూసి పట్నంలో విందులు చేసుకున్నారట. మేమిక్కడ ప్రతి వానాకాలం పిల్లల్ని పాతిపెట్టుకుంటూనే ఉన్నాం.

ఈసారి ఆయన కొత్త ఆజ్ఞ తెచ్చాడు. "జ్వరం లేనివాళ్ళకు పరీక్ష చేస్తే ఈ పరీక్ష పుల్లల పెట్టె పట్టుకుపోతాం. ఎందుకమ్మా ఈ దుబారా?"

"వేలు కనబడితే ఆగలేనండీ."

"పిచ్చా?"

"ఉందండీ. మా అమ్మ వైపు నుంచి."

అందరం నవ్వాం. మా చెల్లెలు తియామికే మాత్రం నవ్వలేదు. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి ఏడ్చింది.

"నాకు నెల తప్పింది అన్నయ్యా."

తొలిచూలు సంగతి కడుపు కనబడేదాకా మావాళ్ళు బయటపెట్టరు. దిష్టి భయం, చేతబడి భయం. మలేరియాకు ఈ మొహమాటాలేం లేవు. ఒళ్ళు వెచ్చబడకుండానే కడుపులో బిడ్డను తినేస్తుంది.

"నన్నొక్కదాన్నే పిలిచి గుచ్చితే సాయంత్రానికి ఊరంతా నెలలు లెక్కపెడుతుంది. అందుకే అక్క అందరికీ గుచ్చుతుంది. నా వేలు కోసం మొన్న చర్చిలో మొదటి బెంచీ నుంచీ మొదలెట్టింది. రెండు గీతలొచ్చాయి. మందిచ్చింది. మళ్ళీ వస్తే? పెట్టె పోతే నా బిడ్డ గతేంటి?"

నేను తిన్నగా ఊరిపెద్ద చిటేక్వే దగ్గరికెళ్ళాను. "జ్వరమున్నవాళ్ళకే పరీక్షట బాబాయ్" అన్నాను. కారణం చెప్పలేదు.

ఆయన "నాకూ కూతుళ్ళున్నారులేరా" అన్నాడు.

మర్నాడు డప్పు మోగింది. "ఇవాళ్టి నుంచి ఊరందరికీ జ్వరం! ఎవడైనా ఆరోగ్యంగా తిరిగాడో, మేక జరిమానా!"

ఎనిఫక్క ముందు ఊరంతా మూలుగుతూ వరస కట్టింది. ఫలీరా అత్తయితే దుప్పటి కప్పుకుని మరీ వచ్చింది. చల్లటి నుదుళ్ళ మీద చెయ్యి వేసి ఎనిఫక్క, "అమ్మో, కాలిపోతున్నావే!" అంటూనే ఉంది.

ఆ వరసలో ఎక్కడో మా చెల్లెలూ వేలు చాపింది. ఎవరూ చూడలేదు.