చిన్నాయన ప్యాంటు, జేజి చెంబెడు నీళ్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో మొదటిసారి ప్యాంటు తొడుక్కున్న మనిషి మా చిన్నాయన. పంచెతోనే కాలేజీ చదువు కూడా ముగించిన ఆయన, పత్తికొండ బడిలో పంతులు ఉద్యోగం రాగానే కర్నూలులో బూడిదరంగు ప్యాంటు కుట్టించుకొచ్చాడు. అది మడమలు దాటి నేల ఊడుస్తుంటే, కురచ చేయమని మా ఊరి దర్జీకి ఇచ్చాడు. తెల్లవారితే ఉద్యోగంలో చేరాలి.

ఆ మధ్యాహ్నం దర్జీ కురచ చేసిచ్చిన ప్యాంటు తొడుక్కుని నట్టింట్లో నిలబడ్డాడు. ఎడమ అంచు పాదం మీద పడుతోంది, కుడి అంచు చీలమండ పైకి ఎగబాకింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు అంత ఓపిక లేక గట్టిగా నవ్వేశాను.

“రేపు పిల్లోల్లు పాఠం వింటారా, నా కాళ్లు చూస్తారా?” అన్నాడు చిన్నాయన. మా జేజి, అంటే నాయనమ్మ, ఆ మాటకు లేచి నా చెయ్యి పట్టుకుని, ఆయనను వెంటబెట్టుకుని దర్జీ దగ్గరికి బయలుదేరింది.

దర్జీ తన అంగడి ముందరి పంచలో ఇంతకుముందు కొలత తీసుకున్న చోటే చిన్నాయనను నిలబెట్టాడు. విచిత్రం! రెండు అంచులూ సమంగా ఉన్నాయి. వీధిలోకి దిగితే కుడిది మళ్లీ పైకి పోయింది. పంచలోకి ఎక్కితే సర్దుకుంది. దర్జీ తల గోక్కుని, నెమ్మదిగా, “ఏమీ అనుకోవద్దప్పా. నా కుట్టు సరిగ్గానే ఉండాది. నీ కాలే ఒకటి పొట్టేమో,” అన్నాడు.

చిన్నాయన ముఖం పాలిపోయింది. ఊరి చుట్టూ పరుగెత్తి పెరిగిన మనిషి, జేజి దగ్గరికి రెండడుగులు వేసేసరికి కుంటడం మొదలుపెట్టాడు. “నిజమేమ్మా. నాకు మొదట్నుంచీ అనుమానమే.”

“పొద్దున చింతచెట్టెక్కినోనివి, ఇప్పుడు కుంటుతాండావేందిరా?” అని జేజి దర్జీని చెంబుతో నీళ్లడిగింది.

మా వైపు ఇళ్లకు పైకప్పులు చదునైన మట్టి మిద్దెలు. ఏటా ఎండాకాలంలో మిద్దె మీద కొత్తమన్ను పరిచాక, వాన నీళ్లు ఎటు పోతాయో తెలుసుకోవడానికి జేజి ఒక చెంబెడు నీళ్లు పోసి చూసేది. దర్జీ ఇచ్చిన నీళ్లు తాగుతుందనుకుంటే, చిన్నాయనను మళ్లీ అక్కడే నిలబెట్టి పాదాల దగ్గర పోసింది. నీళ్లు ఒక్క క్షణం తడబడి, గబగబా ఎడమ పాదం కిందికి చేరాయి. అక్కడి నాపరాతి బండ ఒక పక్కకు కుంగి ఉంది. కొలత తీసినప్పుడు ఎత్తున ఉన్న కుడికాలికి గుడ్డ ఎక్కువ మడత పడింది.

“కాలు బాగనే ఉండాది. బండే వంకర,” అంది జేజి.

అందరికంటే ఎక్కువ నవ్వింది దర్జీయే. “ఈ బండ మీద ఇంకెంతమందిని కుంటోళ్లను చేసినానో అవ్వా!” అన్నాడు. అదృష్టవశాత్తూ గుడ్డ కత్తిరించలేదు, లోపలికి మడిచి కుట్టాడు. కుట్లు విప్పి, చదునుగా ఉన్నచోట నిలబెట్టి, మళ్లీ సుద్దగీత గీసి కుట్టిచ్చాడు. దారిలో చిన్నాయన కుంటు దానంతటదే పోయింది. మా ఇల్లు వచ్చినా ఆగకుండా, ఆ ప్యాంటుతో వీధి చివరిదాకా నడిచి మరీ వెనక్కి వచ్చాడు.

ఇప్పుడు మా బాబు అడుగులు నేర్చుకుంటున్నాడు. “ఒక పక్కకే ఒరుగుతున్నాడేం?” అని పక్కింటి అక్క అన్నప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. వాడు నిద్రపోతుంటే రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. ఈ సాయంత్రం జేజి గుర్తొచ్చి, వాడు తిరిగే వసారాలో చెంబెడు నీళ్లు పోశాను. నీళ్లు వాడు ఒరిగే పక్కకే, గడప వైపు పరుగెత్తాయి. వాడు కేరింతలు కొడుతూ, ఒక్కసారైనా పడకుండా, వాటి వెంటే పరుగెత్తాడు.