బొట్టు పెట్టిన మిషన్

మా ఇంట్లోకి కొత్త వస్తువు ఏది వచ్చినా, వాడేముందు దానికి బొట్టు పడాలి. ఇది మా అత్తమ్మ పెట్టిన చట్టం. ఫ్రిజ్‌కి పెట్టింది. నా ఫోన్‌కి సరిగ్గా కెమెరా మీదే పెట్టింది. నేను తుడిచేదాకా ఫొటోల్లో మా అందరి ముఖాలూ ఎర్రగా వచ్చాయి. కొల్లూరులో మాకు సర్కారు డబుల్ బెడ్‌రూం ఇల్లు వచ్చినప్పుడు మా బ్లాకు లిఫ్టుకి కూడా పసుపు రాసింది. లిఫ్టు అందరిదీ అత్తమ్మా అంటే, "అందరిదైతేంది, మనం గూడ ఎక్కుతం గద" అంది. ఆ లిఫ్టు తరచూ ఆగిపోతుంది. బొట్టు లేకపోతే ఇంకా ఎక్కువ ఆగేదని ఆమె నమ్మకం.

మా ఆయన దీన్ని చాదస్తం అంటాడు. అనే హక్కు ఆయనకు లేదు. పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో, బయటినుంచి వచ్చిన సరుకు చెక్ చేసే పని ఆయనది. లారీ దిగిన సరుకును పక్కన పెట్టి, కొలిచి, బాగుంటే పచ్చ స్టిక్కరు, బాగా లేకపోతే ఎర్ర స్టిక్కరు అంటిస్తాడు. ఆయన స్టిక్కరు పడేదాకా ఆ సరుకును ఎవరూ ముట్టుకోకూడదట. దసరా వచ్చిందంటే ఆయన కొలిచే సామాన్లన్నీ పసుపులో మునుగుతాయి, అప్పుడు చాదస్తం గుర్తుకు రాదు. ఇంట్లో కూడా అదే అలవాటు. వంకాయల్ని కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూస్తాడు. నా పప్పు మీద ఇంకా స్టిక్కరు అంటించలేదు గానీ, మొదటి ముద్ద పెట్టుకుని ఆయన ఆగే తీరు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

నేను కూడా పాశమైలారంలోనే, ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ లైన్‌లో చేసేదాన్ని. షిఫ్టు మొత్తం నిలబడాలి. నడుము పోయింది, మానేశాను. మానేసిన రోజు మా సూపర్‌వైజర్ నవ్వుతూ, "ఏడికి పోతవమ్మా, నెల తిరగక ముందే మళ్ల గేటు కాడ కనవడ్తవ్" అన్నాడు. ఆ మాటకు అక్కడ నవ్వి వచ్చాను గానీ, బస్సులో ఏడ్చాను. ఆ గేటు మళ్లీ తొక్కకూడదని గట్టిగా అనుకున్నాను.

పటాన్‌చెరులో పికో పని నేర్చుకున్నాను. చీరల అంచులు, దుపట్టాల అంచులు పోగులు ఊడకుండా కుట్టే పని అది. మామూలు మిషన్‌లో సూది పైకీ కిందికీ పోతుంది, అంతే. పికో మిషన్‌లో సూది అటూ ఇటూ ఊగుతూ అంచును చుట్టేస్తుంది. అందుకని దానికి వేరే మిషన్ కావాలి. నేను మిషన్ ఇంకా కొనకముందే మా ఆయన తలుపు పక్కన "చీరలకు ఫాల్, పికో చేయబడును" అని బోర్డు పెట్టించాడు. తొందర ఎవరికుందో మీరే చూడండి.

ఆ బోర్డు చూసి మొదట వచ్చింది ఎదురింటి ముస్లిం పెద్దావిడ, మేమంతా ఖాలా అని పిలుస్తాం. వాళ్ల బిడ్డకు పెళ్లి కుదిరింది. సంచి నిండా దుపట్టాలు తెచ్చింది, అన్నింటి కింద పెళ్లికూతురి ఎర్ర దుపట్టా. "నీ మిషన్ మీద పహెలా పని నాదే బేటీ. జల్దీ ఏం లేదు, పెండ్లి లోపల ఇస్తే సాలు" అంది. ఆ సంచిని బీరువాలో బంగారం దాచినట్టు దాచాను.

మిషన్ మాత్రం మా ఆయన ఆన్‌లైన్‌లో తెప్పించాడు. పటాన్‌చెరు దుకాణంలో కళ్లతో చూసి కొందామంటే, ఆన్‌లైన్‌లో ఆఫరుందన్నాడు. ఆఫర్ అన్న మాట వింటే ఆయనలోని ఇన్‌స్పెక్టర్ సెలవు పెడతాడు.

పెట్టె ఆదివారం వచ్చింది, ఆయన ఇంట్లోనే ఉన్నాడు. పెట్టెను హాలు మధ్యలో పెట్టించి, "ఎవ్వరు ముట్టొద్దు, నేను చెక్ చేయాలె" అన్నాడు. కళ్లద్దాలు పెట్టుకున్నాడు. పెట్టె మీది లేబుల్ చదివాడు, బిల్లుతో పోల్చాడు, టేపు ఎక్కడా చిరగలేదని చూశాడు. "ఓకే" అన్నాడు. లేబుల్ మీద పికో మిషన్ అనే ఉంది మరి.

ఆ ఓకే కోసమే అత్తమ్మ పసుపు గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. జహీరాబాద్‌లో ఉన్న తన కూతురికి చూపించాలని, అంతా ఫోన్‌లో తీయమని ఖాలాకు అప్పగించింది. కోడలికి మిషన్ కొనిచ్చామన్న సంగతి కూతురికి తెలియకపోతే కొని ఏం లాభం! ఖాలా తన ఫోన్ పట్టుకుంది. మా ఆయన టేపు కోశాడు, మిషన్ పైకి తీశాడు, ఖాలాకు చూపిస్తూ అన్ని వైపులా తిప్పాడు. అత్తమ్మ దాని ముందు కూర్చుని పసుపు రాసింది, బొట్లు పెట్టింది. ఆయన కొబ్బరికాయ కొట్టాడు. నేలకేసి కొట్టమంటే మిషన్ పక్కన పెట్టిన రాయికేసి కొట్టాడు, నీళ్లు సగం మిషన్ మీద పడ్డాయి. అత్తమ్మకు అది మంచి శకునంలా తోచింది.

అప్పటిదాకా నన్ను ముట్టుకోనివ్వలేదు. బొట్టు పడకముందు సూది దించకూడదట. అన్నీ అయ్యాక మిషన్‌ను స్టాండు మీద బిగించి, ఒక పాత గుడ్డముక్క పెట్టి తొక్కాను. కుట్టు తిన్నగా పోయింది. మళ్లీ తొక్కాను. మళ్లీ తిన్నగానే. సూదిని పక్కకు ఊపే మీట కోసం వెతికాను. లేదు. పసుపు తుడిచి చూస్తే, ముందువైపు కింది అంచున ఉన్న రేకు మీది మోడల్ నంబరు బిల్లులో ఉన్నది కాదు. పెట్టె పికోది, లోపల ఉన్నది మామూలు కుట్టు మిషన్.

"సూది ఊగుతలేదు" అన్నాను.

మా ఆయన వంగి చూశాడు. "కొత్తది గద, జెర ఆగు, ఊగుతది" అన్నాడు.

వాపసు పెట్టాం. తీసుకెళ్లడానికి వచ్చినతను ఉత్తరాది మనిషి, మంచివాడే. మిషన్ మీది కుంకుమ చూసి ముందు కళ్లకద్దుకున్నాడు. తర్వాత ఫోన్ తీసి ఫొటోలు కొట్టాడు. కొట్టి, "మేడమ్, ఇస్‌మే దాగ్ హై. యూజ్డ్ దిఖ్ రహా హై" అన్నాడు. మరకలున్నాయి కాబట్టి వాడిన వస్తువు కింద లెక్కట. దండం పెట్టి మరీ రిజెక్ట్ చేసి వెళ్లిపోయాడు. రోజంతా ఊరి సరుకు రిజెక్ట్ చేసే మా ఆయన ముఖం ఆ క్షణంలో చూడాల్సింది. నాకు కోపంగా ఉండబట్టి గానీ, లేకపోతే పడీ పడీ నవ్వేదాన్ని.

అత్తమ్మకు హిందీ రాదు. "ఏమన్నడు?" అని అడిగింది. మా ఆయన ఆలోచించకుండా, "మరక వడ్డదంట" అన్నాడు.

ఆమె పసుపు గిన్నె కడిగి బోర్లించింది. ఆ సాయంత్రం కొత్త కుక్కరు తీసుకుని పై అంతస్తు ఆమె వస్తే, అలవాటుగా బొట్టు పెట్టమని అడిగితే, "నాకెందుకమ్మా, నువ్వే వెట్టుకో" అంది. లిఫ్టునే వదలని మనిషి ఆ మాట అంటుందని నేను అనుకోలేదు. నాకు మిషన్ కంటే అది ఎక్కువ బాధేసింది.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. యాప్‌లో రాస్తే, మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం అని జవాబు వచ్చేది. ఎంత చింతించినా వాపసు మాత్రం తీసుకోరు. బోర్డు చూసి ఎవరో ఒకరు చీర పట్టుకుని రావడం, మిషన్ రాలేదని నేను చెప్పడం. చివరికి బోర్డు మీద తువ్వాలు ఆరేశాను. మా ఆయన ఓదార్పు మరో రకం: "మా కంపెనీల గిట్లయితే, సప్లయర్‌ను గేటు లోపలికి గూడ రానియ్యం." గేటు అనగానే నాకు సూపర్‌వైజర్ నవ్వు గుర్తొచ్చింది.

పెళ్లి దగ్గర పడుతోంది. సంచి తీసుకెళ్లి ఖాలా ముందు పెట్టాను, వేరేచోట ఇచ్చుకోమన్నాను. ఆమె సంచి కేసి కూడా చూడలేదు. "పరేషాన్ గాకు. జబాన్ ఇచ్చిన నీకు. మిషన్ రాకపాయె, సేతితోని కుట్టు, నేను గూడ కూసుంట" అంది. ఆ మాట విన్నాక నాకు ఊరికే కూర్చోబుద్ధి కాలేదు.

ప్రభుత్వం వాళ్ల వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. తెలుగులో మాట్లాడే ఒకావిడ దొరికింది. నేను పసుపు దగ్గర మొదలుపెట్టి లిఫ్టు దాకా వెళ్లాను, ఆవిడ ఓపిగ్గా విన్నది. "మీరు ఆర్డర్ చేసింది ఒకటి, వాళ్లు పంపింది ఇంకొకటి అయితే వాపసు తీసుకోబోమని అమ్మినవాళ్లు అనకూడదమ్మా. తప్పు వస్తువు పంపింది వాళ్లు" అంది. మిషన్ కొన్న సైటులోనే ఫిర్యాదులు చూసే అధికారి పేరు ఉంటుందని, ఆయనకు రాయమని, అందిందని రెండు రోజుల్లో చెప్పాలని, నెలలోపు తేల్చాలని చెప్పింది. తేల్చకపోతే సంగారెడ్డిలో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉందట. ఇంత చిన్న కేసుకు ఫీజు ఉండదు, వకీలు కూడా అక్కర్లేదు, ఇంట్లోంచే ఆన్‌లైన్‌లో వేసుకోవచ్చట.

ఫోన్ పెట్టేముందు అడిగింది: "పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీశారా?"

"లేదండీ" అన్నాను. "మాకు అంత తెలివి ఎక్కడిది? పూజ వీడియో ఒకటుంది, అంతే."

ఆవిడ వెంటనే అందుకుంది. "పూజ ఎప్పుడు చేశారమ్మా? పెట్టె తెరిచాకా?"

నేను జవాబు చెప్పకుండానే ఖాలా ఇంటికి పరుగెత్తాను.

ఆ వీడియోలో ఖాలా బొటనవేలు పావు తెర కప్పేసింది. మా ఆయన తల ఉండాల్సిన చోటల్లా ఆ వేలే ఉంది, అందులో నాకు ఏ అభ్యంతరమూ లేదు. మిగతా ముప్పావులో అన్నీ ఉన్నాయి. చిరగని టేపు ఉంది. పెట్టె మీది లేబుల్ ఉంది. టేపు కోయడం, మిషన్ పైకి రావడం, అన్ని వైపులా తిప్పినప్పుడు కింది రేకు మీది నంబరు, అన్నీ కనిపించాయి. ఆ తర్వాతే అత్తమ్మ చేయి వచ్చి ఆ నంబరు మీద మొదటిసారి పసుపు రాసింది. కూతురి కోసం తీయించిన వీడియో కోడలికి పనికొచ్చింది.

మా ఆయన వాళ్ల కంపెనీ పద్ధతిలో, గడులు గీసి రిపోర్టు రాద్దామన్నాడు. నేను గడులు లేకుండా రాశాను. పికో మిషన్ అడిగాను, మామూలుది పంపారు, వీడియో చూడండి, తెరవగానే మా అత్తమ్మ బొట్టు పెట్టింది, అది వాడటం కాదు, మా మిషన్ మాకు పంపండి, లేకపోతే సంగారెడ్డిలో కలుద్దాం. చివరి ముక్క తీసేయమని ఆయన బతిమాలాడు. తీయలేదు.

ఫిర్యాదు అందిందన్న జవాబు చెప్పినట్టే వచ్చింది. తర్వాత ఒకాయన ఫోన్ చేశాడు. ఇంగ్లీషు మాటలు కలిపిన తెలుగు, మర్యాదస్తుడు. "మేడమ్, మిషన్ మీద ఎల్లో కెమికల్ లాంటిది ఉంది, అదేంటి?" అని అడిగాడు. పాశమైలారం ఫ్యాక్టరీల గాలి పీల్చే నన్ను పట్టుకుని కెమికల్ సంగతి అడిగాడు! "దాన్ని మేం రోజూ కూరల్లో వేసుకుంటాం. మీరూ వేసుకుంటారు" అన్నాను. ఆయన వెంటనే సారీ చెప్పి, పాతది తీసుకెళ్లి సరైనది పంపుతామన్నాడు.

పెళ్లికి ముందే పంపారు. ఈసారి మా ఆయన లేబుల్‌తో ఆగలేదు. రేకు నంబరు చూశాడు, మీట చూశాడు, చక్రం చేత్తో తిప్పి సూది అటూ ఇటూ ఊగడం చూశాడు. చూసి, జేబులోంచి పచ్చ స్టిక్కరు తీసి మిషన్ మెడకు అంటించాడు. అది ఫ్యాక్టరీ నుంచి తెచ్చాడు. ఆయన ముచ్చట ఆయనది.

ఖాలా ఎర్ర దుపట్టా అంచు నా చేతికిచ్చి బిస్మిల్లా అంది. తొక్కాను. అంచు వెంబడి కుట్టు గొలుసులా చుట్టుకుంటూ వచ్చింది. ఖాలా దాన్ని వేళ్లతో తడిమి, "మషాల్లా" అంటూ కళ్లు తుడుచుకుంది. ఇక ఆ గేటుతో నాకు పని లేదు.

అత్తమ్మ మాత్రం వంటింట్లోంచి బయటికి రాలేదు. వెళ్లి చూస్తే, ఏరిన బియ్యమే మళ్లీ ఏరుతోంది.

"రా అత్తమ్మ, బొట్టు వెట్టు" అన్నాను.

"వద్దు బిడ్డా. మళ్ల మరక అంటరు. వాపస్ తీసుకోరు."

"వాపస్ ఎవలిస్తున్నరు? ఇది మన ఇంట్ల ఉండేటిది."

చేయి పట్టుకుని తీసుకొచ్చాను. ఆమె మిషన్ ముందు నిలబడి, కుంకుమ వేలికి అద్దుకుని, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు చూసింది. చివరికి ఎవరికీ కనబడని మూల, వెనకవైపు, ఆవగింజంత పెట్టి చేయి తీసేసుకుంది.

ఆమె చేతిలోంచి భరిణె నేను తీసుకున్నాను. మిషన్ ముందువైపు, సరిగ్గా నుదుటి మీద, రూపాయి బిళ్లంత బొట్టు పెట్టాను.